లాంతరు పోయి తుపాకీ వచ్చిన ఏడాది

మొన్న పొద్దున కాప్రాలో మా ఇంటి బాల్కనీలో కూర్చుని ఫోన్లో వార్తలు చూస్తుంటే, ఒకప్పుడు మేము కంప్యూటర్లో ఆడిన ఒక భయం ఆట రెండో భాగాన్ని కొత్త హంగులతో మళ్ళీ తెస్తున్నారని కనిపించింది. ఆ వార్త కింద జనం ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. సగం మంది ఆ రెండో భాగం మొదటిదాని పరువు తీసిందంటారు, మిగతా సగం అసలు ఆట అంటే అదేనంటారు. ఇన్నేళ్ళయినా ఆ తగవు తీరలేదన్నమాట. ఏది చేతికొచ్చినా ఆఖరి పుట దాకా చదివే అలవాటు నాది గనక, ఒక్కటీ వదలకుండా అన్నీ చదివాను. చదివాక చూసుకుంటే కాఫీ చల్లారిపోయింది. అలాగే తాగేశాను. ఆ తగవులో ఒకప్పుడు నేనూ ఒక పక్షం. అవతలి పక్షం మా తమ్ముడు.

అప్పట్లో మేము సీతాఫల్‌మండిలో, హాలూ రెండు గదులూ ఉన్న అద్దె వాటాలో ఉండేవాళ్ళం. నాన్నది శ్రీకాకుళం వైపు పల్లె. రైల్వేలో ఉద్యోగం దొరికి సికిందరాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అమ్మ మా చిన్నతనంలోనే పోతే, నాన్నకి అక్కగారు, అంటే మా అత్త, తన ఊరు వదిలి వచ్చి మమ్మల్ని పెంచింది. ఎన్నేళ్ళున్నా ఆవిడ మాటలోంచి శ్రీకాకుళం పోలేదు. తమ్ముడి నోట్లోంచి మాత్రం చిన్నప్పటి నుంచీ సీతాఫల్‌మండి వీధి భాషే వచ్చేది. ఒకే కంచంలో తిని పెరిగిన వాళ్ళం, తలా ఒక తెలుగు మాట్లాడేవాళ్ళం.

మన ఈడు వాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఏ సందు మలుపులో చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న పిల్లలు కంపెనీ వ్యాన్ల కోసం రోడ్డు మీద నిలబడి ఉండేవాళ్ళు. తమ్ముడు ఇంజనీరింగు పూర్తి చేసి ఆ వ్యాన్లలో చోటు కోసం ఇంటర్వ్యూలకి తిరుగుతున్నాడు. నేను ఇంటర్‌తోనే కాలేజీ మానేశాను గానీ చదవడం మానలేదు. మా ఇంటికి నాలుగు వీధుల అవతల గ్రంథాలయం ఉండేది, దాని మేడ మీద ఇంగ్లీషు పుస్తకాల బీరువాలు ఉండేవి. వాటి జోలికి ఎవరూ పోయేవారు కాదు, అందుకని అవన్నీ నావే అనుకునేదాన్ని. పక్కన నిఘంటువు పెట్టుకుని, మొదట్లో రోజుకి రెండు పుటలు, తరువాత తరువాత ఒక కథ మొత్తం, అలా చదువుకుంటూ పోయాను. అందులోనూ దెయ్యం కథలంటే ప్రాణం. మంచు దేశాల పాత బంగళాలు, నేలమాళిగలు, ఇంటి కప్పు కింద ఎవరూ ఎక్కని అటకగదులు, ఇవన్నీ నాకు మా వాటా గోడల కన్నా బాగా తెలుసు. కనిపించేది భయపెట్టదు, కనిపించబోయేది భయపెడుతుందని నేను ఆ మేడ మీదే తేల్చుకున్నాను. ఆ ఇంగ్లీషు ధైర్యంతోనే మారేడుపల్లిలో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పై దేశాల డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి పంపిన మాటల్ని చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని టైపు చెయ్యడం పని.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేను ఆ పనిలో ఉండగా నాన్న పోయాడు. అత్త కూరగాయలకి వెళ్ళింది. ఇంట్లో ఉన్నది తమ్ముడొక్కడే. లోపలి గదిలో మంచం మీద పడుకున్న నాన్నకి ఉన్నట్టుండి ఊపిరి అందలేదు, అంబులెన్సు వచ్చేలోగా అయిపోయింది. నేను వచ్చేసరికి హాలు నిండా జనం. కర్మ జరిగినన్ని రోజులూ వచ్చినవాళ్ళకి నీళ్ళిచ్చాను, చాపలు వేశాను, ఎవరెవరు భోజనం చెయ్యలేదో చూసుకున్నాను. కన్నీళ్ళు మాత్రం రాలేదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన చుట్టాలావిడ వంటింటి గుమ్మంలో నిలబడి, నాకు వినపడేలాగే, "తండ్రి పోతే ఈ గుంట ఒక్క సుక్కైనా రాల్చలేదేటే" అంది. ఆవిడ అన్నది నిజమే గనక నాకు కోపం కూడా రాలేదు. చెయ్యి మీద తల పెట్టుకుని నిద్రపోయి లేస్తే ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుంది చూడండి, నాకు లోపలంతా అలా ఉండేది. తిరిగి ఆఫీసుకి వెళ్ళిన మొదటి వారంలోనే, గుండె ఆగి చనిపోయిన ఒక ముసలాయన తాలూకు రిపోర్టు నా చెవుల్లోకి వచ్చింది. ఒక్క తప్పు లేకుండా టైపు చేసి పంపాను. మా సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు.

తమ్ముడు నాకు పూర్తిగా వేరు. వాడు లోపలి గదిలోకి వెళ్ళడం మానేశాడు. వాడి బట్టలు ఆ గదిలోనే ఉంటే, అత్తో నేనో తెచ్చి ఇచ్చేవాళ్ళం. హాల్లో లైటు వేసుకుని పడుకునేవాడు. ఎందుకని మేమూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

స్టేషను వైపు వెళ్ళే దారిలో ఒక భాయ్ కంప్యూటర్లు విడిభాగాలతో అమర్చి అమ్మేవాడు. కర్నూలు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, తెలుగు మాత్రం పూర్తిగా ఈ వీధులదే. తమ్ముడి చదువు కోసం నాన్న కొన్న కంప్యూటరు అక్కడిదే. అది పాడైతే బాగుచేయించుకు రమ్మని నేనే తమ్ముణ్ణి పంపాను. తిరిగి వచ్చినప్పుడు దానిలో ఒక ఆట ఉంది. మంచు కొండల మీద మూసేసిన ఒక హాస్టలు బడి, తప్పిపోయిన చెల్లెల్ని వెతుక్కుంటూ అందులోకి వెళ్ళిన ఒక అమ్మాయి. ఆమె చేతిలో ఒక లాంతరు, అంతే. పై అంతస్తులో ఎవరో కాలు ఈడ్చుకుంటూ తిరుగుతుంటారు. వాళ్ళని ఏమీ చెయ్యలేం. అడుగుల చప్పుడు దగ్గరైతే లాంతరు ఆర్పి తలుపు చాటున ఊపిరి బిగబట్టి నిలబడడమే.

ఆదివారం భోజనాలయ్యాక కిటికీకి దుప్పటి కట్టి ముగ్గురం కూర్చునేవాళ్ళం. కీబోర్డు తమ్ముడిది. తెర మీద వచ్చే ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పడం, పాత క్యాలెండరు కాగితాల వెనక గదుల పటం గీయడం నా పని. చెప్పడంలో కొంత నా కవిత్వమూ కలిపేదాన్ని. అత్త చేటలో బియ్యం వేసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చుని, ఆట ఆడుతున్నవాడి కన్నా ముందే అన్నీ కనిపెట్టేది. "ఓలమ్మా, ఆ గదిలోకెల్లకురా బాబూ, తలుపెనకాల ఎవుడో ఉన్నాడు!" అని అరిచేది. తమ్ముడు, "అత్తా, నువ్వే జెర ఆడరాదు, నేను బియ్యం ఏరుతా" అనేవాడు. లాంతరు ఆరగానే చేట చప్పుడు ఆగిపోయేది. ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్ళం, ఆ తెర లోపలివాళ్ళకి మా ఊపిరి వినపడుతుందేమో అన్నట్టు.

అలాంటి ఒక నిమిషంలోనే, నాన్న పోయాక మొదటిసారి, నాకు ఏదో తెలిసింది. గుండె కొట్టుకుంది. అరచేతులు చెమర్చాయి. భయం. నాకు భయం వేసింది! తిమ్మిరెక్కిన చేతిలో మొదటి జుమ్మనడం లాంటిది. భయం వచ్చిందంటే దాని వెనకాలే తక్కినవీ వస్తాయని, ఏదో ఒక ఆదివారం ఏడుపు కూడా వచ్చేస్తుందని ఆశ పుట్టింది. నాకు కావలసింది అదొక్కటే. నాన్న కోసం ఒక్కసారి సరిగ్గా ఏడవాలి. ఆ మాట ఎవరితో చెప్పుకోగలం? ఆదివారం కోసం ఎదురు చూసేదాన్ని, అంతే.

అయితే ఏడుపు రాకముందే ఆట అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి ఆడించాను గానీ ఎవరు ఎక్కడ ఉంటారో తెలిసిపోయాక భయం వెయ్యదు. తిమ్మిరి మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. రెండో భాగం వస్తుందట అని తెలిసిన రోజు నుంచీ ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలో రోజూ భాయ్ కొట్టు ముందు ఆగేదాన్ని. చివరికి ఒక సాయంత్రం కొట్టు ముందు కుర్రాళ్ళు చాయ్ గ్లాసులు పట్టుకుని రెండు జట్లుగా అరుచుకుంటున్నారు. భాయ్ నన్ను చూసి, "అక్కా, ఒచ్చింది. గీ పార్టుల మస్తు తుపాకులిచ్చిన్రు. వీళ్ళు జబర్దస్త్ అంటున్రు, వాళ్ళు ఖరాబ్ చేసిన్రని పరేషాన్ అయితున్రు" అన్నాడు. నీ సంగతేమిటి అంటే, "నాకేందక్కా, ఇద్దరూ గిరాకీలే" అని నవ్వాడు. మా కంప్యూటరుకి కొత్త గ్రాఫిక్స్ కార్డు వేస్తేగానీ ఆ ఆట నడవదన్నాడు. నా బోనసుతో వేయించాను. తుపాకుల మాట నేను పట్టించుకోలేదు. ఆ కథ రాసినవాళ్ళు నా గ్రంథాలయపు బీరువా తెలిసినవాళ్ళనే నమ్మకం.

ఆ ఆదివారం మళ్ళీ దుప్పటి కట్టాం. అదే అమ్మాయి, కానీ చేతిలో లాంతరు లేదు. భుజాన పెద్ద తుపాకీ, పక్కన ఒక సైనికుడు. పై అంతస్తులో ఒంటరిగా కాలు ఈడ్చినవాళ్ళు ఇప్పుడు గుంపులు గుంపులుగా వెలుతుర్లోకి పరిగెత్తుకొచ్చి, కాలిస్తే పడిపోతున్నారు. చదవడానికి ఇంగ్లీషు లేదు. గదులు ఒకదాని వెనక ఒకటి వరుసగా వస్తుంటే పటం గీసే పనీ లేదు. నేను నా గుండె మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాను. మామూలుగానే ఉంది. చేట చప్పుడు ఒక్కసారైనా ఆగలేదు. కాసేపటికి అత్త, "ఇదేట్రా, పైటింగు సినిమాలాగుంది! దీనికేటి బయం, ఎవుడొచ్చినా కాల్చీసేస్తంది. నాకు పనుంది" అని చేట పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తమ్ముడు మాత్రం కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నాడు. వాడి ముఖంలో ఆ కళ నేను చూసి ఏడాది దాటింది. అది గమనించి కూడా నేను ఊరుకోలేదు. వారం వారం వాడి వెనక నిలబడి, భయమంటే ఏమిటో, గొప్ప కథకులు దెయ్యాన్ని ఎందుకు చూపించరో, నేను చదివినదంతా వల్లించాను. దీన్ని తీసేసి పాతదే పెట్టమన్నాను. మూడో వారమో నాలుగో వారమో వాడు మౌస్ వదిలేసి నా వైపు తిరిగాడు.

"నీకు భయం దొరకక ఆడుతున్నవ్ అక్కా. నాకు ఎక్కువై ఆడుతున్న" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. వాడు లోపలి గది వైపు చూడకుండా చెయ్యి మాత్రం అటు చూపించాడు. "ఆ రోజు నాన్న నా దిక్కే చూస్తున్నడు. నేను గా తలుపు పట్టుకొని నిలబడ్డ. ఫోన్ చేసిన, ఇగ వస్తున్నరు నాన్నా, ఇగ వస్తున్నరు అంటున్న. చేతుల ఏం లేకుండె. ఏం చేసుడో తెల్వలె. ఆ లాంతరు ఆటల నాకు ప్రతిసారి గదే అయితుండె. తలుపెనక నిలబడుడు, చూసుడు. నీ కోసమే ఆడిన. గీ తుపాకీ ఆటల నాకు ఏదో ఒకటి చెయ్యనిస్తున్నరు. గంతే."

ఆ ఏడాదిలో వాడు నాన్న గురించి మాట్లాడడం అదే మొదలు. నేను పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఎడమ వైపు మెట్ల దగ్గర ఇంకొకడున్నాడని చెప్పాను. వాడు కాల్చాడు. ఆ తరువాత ఆదివారాలన్నీ ఆ ఆట పూర్తయ్యే దాకా అలాగే కూర్చున్నాను. తుపాకీలో తూటాలు నింపే చప్పుడూ, మీద పడేవాళ్ళ కేకలూ, అన్నీ విన్నాను. నాలో ఏదీ కదలలేదు. కదలకపోయినా లేవలేదు.

ఆట అయిపోయిన కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం వాడు లోపలి గదిలోకి వెళ్ళి తన చొక్కా తనే తెచ్చుకున్నాడు. మరో వారానికి ఆ గదిలోనే పడుకుని నిద్రపోయాడు. అత్త గుమ్మంలోంచి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆవిడ వెనక నిలబడి వాడి గురక విన్నాను. ఏడుపు రావాలంటే అప్పుడు రావాలి. ఎదురు చూశాను. రాలేదు. వెళ్ళి పాలు తోడుపెట్టాను. నేను పనికిమాలినదన్న ఆట నా ఇంట్లో ఒక మనిషిని నిలబెట్టింది, నేను మెచ్చుకున్న ఆట నన్ను ఏడుపు గుమ్మం దాకా తెచ్చి వదిలేసింది. ఇందుకు సమాధానం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు, తరువాత కూడా దొరకలేదు.

కొన్నాళ్ళకి తమ్ముడికీ ఆ వ్యాన్లలో చోటు దొరికింది. పెళ్ళయి సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నాడు. అత్త ఇప్పుడు లేదు. ఆవిడ పోయినప్పుడూ చాపలు వేసింది నేనే. ఇప్పటి పిల్లలు బాధ కలిగితే బాధగా ఉందని ఫోన్లో పదిమందికీ చెప్తారు, పదిమందీ ఓదారుస్తారు, అది మంచిదే. మన రోజుల్లో ఇళ్ళలో ఆ మాట అనుకునేవాళ్ళం కాదు. ఎదురుగా ఉన్నదేదో పట్టుకుని, కూర బాగుందా లేదా అని, ఆట బాగుందా లేదా అని పోట్లాడుకునేవాళ్ళం. ఆ పోట్లాటలోనే ఎవరికి ఎక్కడ నొప్పిగా ఉందో బయటపడేది.

సైనిక్‌పురి మా ఇంటికి ఎంతో దూరం లేదు. తమ్ముడు తరచూ వస్తాడు, నా ఆరోగ్యం అడుగుతాడు, బాగుందంటాను. వాడిది అడుగుతాను, బాగుందంటాడు. ఇప్పుడు పోట్లాట లేదు, ఏ సంగతి ఎత్తినా వాడు నాతో అవునంటాడు, నేను వాడితో అవునంటాను. చాయ్ తాగి వెళ్ళిపోతాడు.