పోలిక కోసం ఒక్క చుక్క

“...ముందు మీ మిషను ఆరోగ్యం తేలనివ్వండి, తర్వాత నాది చూద్దురుగాని!”

“గుండెపోటొచ్చి మూడు రోజులే అయిందండీ. కాస్త మెల్లగా అరవండి,” అంది నర్సు.

మా మావయ్య తూకం యంత్రాలు బాగుచేస్తాడు. తను పరీక్షించని యంత్రాన్ని నమ్మడు. ఒకసారి అత్తయ్యకు జ్వరమొస్తే థర్మామీటరును ముందు తన నోట్లో, తర్వాత నా నోట్లో, ఆపైన పక్కింటి డ్రైవరు నోట్లో పెట్టి సరిచూశాడు. అత్తయ్య వంతు వచ్చేసరికి జ్వరం తగ్గిపోయింది.

నర్సు చేతిలోని షుగరు యంత్రం 280 చూపించింది.

“ఒక్కసారి తూస్తే తూకమేనా?” అన్నాడు మావయ్య.

డాక్టరు విసుక్కోలేదు. “ఈ షుగరు ఇవాళ వచ్చింది కాదు. ఎన్నేళ్ల నుంచో ఉంది, మీరు చూపించుకోలేదు. ఇలాగే వదిలేస్తే రెండో పోటుకు దారి వేసినట్టే. అదుపులో పెట్టుకుంటే ఇంకా చాలా ఏళ్లు కాటాలు బాగుచేసుకోవచ్చు. దాహం ఎక్కువగా ఉంటోందా? పుండ్లు మానడం లేదా?”

“నాకా? లేదు,” అంటూ మావయ్య అత్తయ్య కాలి కట్టు వైపు చూశాడు. ఆ కట్టు వయసు నాలుగు నెలలు. అత్తయ్య చేతిలో మంచినీళ్ల సీసా ఎప్పుడూ ఉంటుంది. ఆస్పత్రి మాటెత్తితే మాత్రం చెవులు వినపడవు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు మావయ్య షుగరు చూసే యంత్రం కొన్నాడు. “మూడు వేళ్ల మీద సరిచూస్తే గానీ షుగరు బిళ్ల నోట్లో వెయ్యను,” అని ప్రకటించాడు.

నా వేలు 96. డ్రైవరు వేలు 104.

“ఇక నువ్వే,” అన్నాడు అత్తయ్యతో.

“నా జోలికి రాకండి. ఆ థర్మామీటరు బాగోతం చాలదూ?”

“పోలిక కోసం ఒక్క చుక్క. నువ్వివ్వకపోతే నా మందు మొదలవ్వదు. తర్వాత నీ ఇష్టం.”

“మొండిఘటం!” అని అత్తయ్య కళ్లు గట్టిగా మూసుకుని వేలు చాపింది.

312.

“మీ మిషను పాడైంది,” అంది.

నాకు తెలిసి మావయ్య ఒక యంత్రాన్ని వెనకేసుకురావడం అదే మొదటిసారి. “లేదు. నిఖార్సుగా ఉంది.”

మొక్కు తీరింది కదా, ఇక మందు వేసుకోమని అత్తయ్య ఆయన మందుల పెట్టె తెరిచింది. షుగరు బిళ్లల అట్టలో అప్పటికే నాలుగు గూళ్లు ఖాళీ.

అత్తయ్య ఆ అట్టను వెలుతురుకెత్తి చూసింది. తర్వాత ఆయన్ను చూసింది. మావయ్య ఎక్కడో పెట్టిన స్క్రూడ్రైవరు వెతుక్కోవడంలో పడ్డాడు.

“రేపు ఆస్పత్రికి నేనూ వస్తున్నా,” అంది అత్తయ్య. “ముందు ఆ డాక్టరు వేలికి గుచ్చి చూశాకే నాకు.”