పరమేశ్ చేతిలో తాడు

సూరత్‌లోని పర్వత్ పాటియాలో మా పై వాటాలో ఉండే పరమేశ్ చాలా ఏళ్లు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేశాడు. కార్ఖానా మూతపడ్డాక ఒక క్లబ్బులో కాపలా పనికి కుదిరాడు. ఆ క్లబ్బులో ఎక్కడానికి కట్టిన పెద్ద గోడ ఉంది. ఎక్కేవాళ్ల నడుముకు కట్టిన తాడు రెండో కొసను కింద ఒకరు పట్టుకోవాలి. మనిషి తక్కువైన రోజు పరమేశ్‌ను పిలిచారు. అతని ఓపిక నచ్చి కోచ్ శిక్షణ ఇప్పించాడు. పరీక్ష పాసయ్యాడు. ఇప్పుడు తాడు పట్టడమే అతని ఉద్యోగం.

మొన్న శీతాకాలంలో సూరత్‌లో గోడ ఎక్కే అంతర్జాతీయ పోటీలు జరిగాయి. స్పీడ్, లీడ్ రెండూ పెట్టారు. స్పీడ్‌లో ఇద్దరు పక్కపక్కనే పరుగులాగా ఎక్కేస్తారు. పైన బిగించిన యంత్రమే తాడును చుట్టుకుంటుంది. లీడ్‌లో ఎక్కేవాళ్లు దారిలోని కొక్కేలకు తమ తాడును తామే తగిలించుకుంటూ పోవాలి. తగిలించేటప్పుడు కింది మనిషి తాడు వదలాలి. పడితే ఆపాలి. లీడ్‌కు తాడు పట్టేవాళ్లలో పరమేశ్ పేరు కూడా వచ్చింది.

"స్పీడుకు మిషన్ ఉన్నదట గదా బావా, లీడుకు గూడ ఒకటి పెడితే అయిపాయె. నువ్వెందుకు?" అని ఇంకా సాంచెలు నడుపుతున్న బావమరిది సదానందం ఏడిపించాడు.

"సాంచె గూడ మిషనే గదా. దాని పక్కన నువ్వెందుకు నిలవడుతున్నవ్ రా?" అన్నాడు పరమేశ్.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం మాత్రం అతను మొహం వేలాడేసుకుని వచ్చాడు. తాడు పట్టేవాళ్ల మీద పెద్దగా పుణె నుంచి వచ్చిన మేడం అందరినీ పరీక్షించింది. ఎక్కే అమ్మాయి కొక్కెం దాకా తాడు లాగుతుంటే పరమేశ్ చేతిలో అది బిగుసుకుందట. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. పోటీలో అలా జరిగితే ఎక్కేవాళ్లు పట్టుతప్పి పడిపోవచ్చు, పాపం వాళ్ల ఏడాది కష్టం పోతుంది. "రేపు మొదటి మనిషికి నువ్వే పట్టు, నేను వెనకాల నిలబడతా. ఇలాగే ఉంటే పక్కన కూర్చోబెడతా" అందట మేడం.

తప్పు ఎక్కడుందో పరమేశ్‌కు తెలుసు. సాంచె మీద పోగు వదులైతే బట్ట పాడవుతుంది. వదులు కనిపిస్తే అతని చేయి తనంతట తానే బిగిస్తుంది. క్లబ్బులో కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఆ బిగువు ధైర్యమిచ్చింది కాబట్టి ఎవరూ కాదనలేదు.

అతని భార్య కరుణ బట్టలారేసే తాడు విప్పి ఒక కొస అతనికిచ్చింది. తను మెట్లెక్కి పై మలుపు దగ్గర నిలబడి తాడు గుంజింది. నేను కింది మెట్టు మీద పుస్తకం మూసేసి చూస్తున్నాను. ఆమె గుంజినప్పుడల్లా తాడు బిగుసుకుంది.

"ఏందయ్యా, బర్రెను పట్టుకున్నట్టు పట్టుకున్నవ్!"

"వదిలితె పడరా మరి?"

"నేనేడ పడుతున్న? ఎక్కుతున్న గదా!" అని కరుణ రైలింగ్ మీదుగా వంగింది. "మా నాయన సాంచెకు కొత్త నూలు బీము ఎక్కిచ్చినప్పుడు ఎనక కూసొని పోగులు అందిచ్చినోడివి నువ్వే గాదు? ఆయన పోగు గుంజే కొక్కెం ముంగటికి రాంగనే పోగు అందేది. గందుకే నచ్చి పిల్లనిచ్చిండు. అప్పుడు పోగును చూసినవా, నాయన చెయ్యి చూసినవా?"

పరమేశ్ తాడు కొసను చేతిలో సర్దుకున్నాడు. "చెయ్యే చూసిన. మల్ల గుంజు" అన్నాడు.

పాలు పొంగిన వాసన వచ్చేదాకా గుంజారు.

మర్నాడు కరుణతో పాటు నేనూ వెళ్లాను. మొదట వచ్చింది ఇండోనేషియా అమ్మాయి. ఆమె తాడు ముడి చూసి, పరమేశ్ తలూపాడు. మేడం చేతులు కట్టుకుని అతని వెనకాల నిలబడింది.

అమ్మాయి ఎక్కుతోంది. పరమేశ్ తాడు వంక చూడటం మానేశాడు. ఆమె కుడిచేయి పట్టు వదిలి తాడు కోసం నడుము వైపు దిగబోయే ముందు భుజం కొంచెం కుంగేది. ఆ కుంగడంతోనే అతను ఒక అడుగు ముందుకు వేసి తాడు వదిలేవాడు. తాడు సాఫీగా పైకి వెళ్లి కొక్కెంలో పడేది. మళ్లీ అడుగు వెనక్కి. కరుణ నా చేయి పట్టుకుంది.

గోడ బయటికి వంగిన చోట, చాలా ఎత్తులో, గోడకు బిగించిన రాయిని అమ్మాయి పట్టుకోబోయింది, అందలేదు. పడిపోయింది. పరమేశ్ బిగదీసుకుని నిలబడలేదు, ఆమె బరువుతో పాటు తనూ నేల మీంచి కొంచెం లేచాడు. అమ్మాయి కుదుపు లేకుండా గాలిలో ఊగింది. మెల్లగా దింపాడు.

ఆమె ముడి విప్పుకుంటూ, అందని ఆ రాయి వైపే చూస్తూ వెళ్లిపోయింది. తాడు పట్టిందెవరో కూడా చూడలేదు.

పరమేశ్ బెరుకుగా వెనక్కి తిరిగాడు. మేడం అక్కడ లేదు. పక్క వరసలో తాడు పట్టిన ఇంకొకరి వెనక, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.