నేను పీకేసిన గునుగు పూలు

దిల్‌సుఖ్‌నగర్‌లో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పాను. ఆ ముప్పై ఏళ్లలో నేను స్వయంగా పెంచిన మొక్క ఒక్కటే, సీసాలో మనీప్లాంటు. అదీ మా ఆవిడ నీళ్లు మార్చబట్టి బతికింది. అయినా కోచింగ్ సెంటర్లో పిల్లలు నన్ను ‘బాటనీ సార్’ అని పిలిచేవాళ్లు. వినీ వినీ నేనూ నమ్మేశాను.

రిటైరయ్యాక నేల మీద ఇల్లుండాలని, చుట్టూ పచ్చగా ఉండాలని పట్టుబట్టాను. పెద్ద అంబర్‌పేట్ దాటి, బాటసింగారం దగ్గర ఒక పల్లెలో స్థలం కొని ఇల్లు కట్టాం. కృష్ణా జిల్లాలో పుట్టినవాణ్ని, వ్యవసాయం నా రక్తంలోనే ఉంది అని మా ఆవిడతో అన్నాను. “మావయ్యగారు పోస్టుమాస్టరు కదండీ,” అందావిడ.

మొదటి ఏడాది పన్నెండు వంగ మొక్కలు వేస్తే ఒక్క కాయ కాసింది. దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాను. కోసి చూస్తే లోపలంతా పుచ్చు. ఆ ఫోటో మాత్రం పెట్టలేదు.

మా పక్కింటివాళ్లు ఆ ఊరివాళ్లే. ఇప్పుడు మా ఇళ్లున్న ప్లాట్లన్నీ ఒకప్పుడు వాళ్ల జొన్నచేను. ఆ ఇంటామెకు యాభై దాటి ఉంటాయి. నన్ను సారూ అంటుంది, మా ఆవిడను అక్కా అంటుంది. గోడ మీదుగా మా రెండిళ్ల మధ్య కూరగాయల రాకపోకలున్నాయి. అంటే, ఆమె గిన్నె నిండా ఇస్తుంది, మేం గిన్నె తోమి తిరిగిస్తాం.

నిరుడు వానలు పడ్డాక మా పెరట్లో ఆ గోడ వారగా నడుమెత్తు మొక్కలు లేచాయి. తెల్లటి కంకులు, కొసన లేత గులాబీ రంగు. “ఎంత బావున్నాయో! ఉండనివ్వండి,” అంది మా ఆవిడ. కలుపు మీద జాలి పడితే పంట పండదని ఆవిడకు అరగంట పాఠం చెప్పాను. టోపీ పెట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, రెండు రోజులు కష్టపడి వేళ్లతో సహా పీకాను. పీకినవన్నీ ముక్కలు చేసి కంపోస్టు గుంతలో వేసి, పేడనీళ్లు పోసి, మట్టి కప్పాను. నేల లోతుగా తవ్వి కొత్తిమీర చల్లాను. ఇంత శ్రద్ధగా నేను ఏ పనీ చేసి ఎరగను.

మర్నాడు పొద్దున్నే పక్కింటామె గంప పట్టుకుని వచ్చింది. తెల్లారితే సద్దుల బతుకమ్మ.

“సారూ, గీడ గునుగు ఉండె గద, ఏమైంది?”

“కలుపు మొక్కలమ్మా. మొత్తం పీకేశాను,” అన్నాను, మెచ్చుకుంటుందని.

“గునుగు పీకిండ్రా?”

ఆమె తవ్విన మడి వంకే చూస్తూ నిలబడింది. తర్వాత గోడ మూలకు వెళ్లి, నా కంటపడకుండా మిగిలిన ఒక్క కంకిని తుంచి నా చేతిలో పెట్టింది. అప్పుడు పోల్చుకున్నాను. సెలోసియా అర్జెంటియా. తోటకూర కుటుంబం. కంకి పుష్పవిన్యాసం. ముప్పై ఏళ్లు ఏటా దాని బొమ్మ బోర్డు మీద వేశాను. సుద్దముక్కతో వేసేవాణ్ని కాబట్టి, ఆకులతో సహా ఎదురుగా నిలబడితే ఎవరో అనుకున్నాను.

“పోయినేడు మా అత్త సచ్చిపోయింది గద సారూ,” అందామె. “ఏడు దాటేదాక బతుకమ్మ పేర్వలే. మళ్ల ఈయేడే పేరుస్తున్న. గీ పువ్వు మా అత్త జల్లిందే. చేను అమ్మినంక గూడ ఏటా ఇత్తులు తెచ్చి గోడ మీదికెళ్లి గీడనే జల్లేది. గా పువ్వుతోనే పేర్వాల్నని అనుకున్న.”

ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఆమె అటు వెళ్లగానే నేను గుంత తవ్వాను. నానిన కంకులు నాలుగు బయటికి లాగి కుళాయి కింద కడిగాను. మా ఆవిడ వచ్చి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, “వీటిని గౌరమ్మ పక్కన పెట్టమంటారా?” అని అడిగింది. స్కూటరు తీసి ఎల్బీ నగర్ పోయాను.

రోడ్డు వారన పూలు అమ్మేవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. తంగేడు, బంతి, కట్టలు కట్టలుగా గునుగు. ఒకామె దగ్గర రెండు చేతుల నిండా తీసుకుని, ఏ ఊరమ్మా అని అడిగాను.

“బాటసింగారం అవుతల సారూ. పొద్దుగాల మొదటి బస్సుకు తెచ్చిన.”

“నేనూ అటే తీసుకెళ్తున్నాను.”

“ఎందుకు సారూ? ఆడ మీకు దొరకలేదా?”

“మా పెరట్లోనే ఉండేవి. నేనే పీకాను.”

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, అడగకుండానే ఇంకో కట్ట చేతిలో పెట్టింది. ఊళ్లోకి రాగానే టీకొట్టు దగ్గర ఒకాయన, “ఏంది సారూ, గునుగు పట్నంకెళ్లి తెస్తున్నరా?” అని కేకేశాడు. బల్ల మీదున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, చెవులు మాత్రం కాలిపోయాయి.

పక్కింటామె కట్టలు అందుకుని, “మంచిగనే ఉన్నయి సారూ,” అంది. మంచివే, కానీ వాళ్ల అత్తవి కావు. అది ఇద్దరికీ తెలుసు. ఏదైనా పని చెప్పమంటే నన్ను అరుగు మీద కూర్చోబెట్టి కాడలు సమానంగా కొయ్యమంది. ఆరో పువ్వు తల తెగాక కత్తి తీసుకుని మా ఆవిడకు ఇచ్చింది.

మర్నాడు సాయంత్రం బతుకమ్మను ఎత్తుకుని ఆమె మా గేటు ముందు నుంచి వెళ్లింది. పైన పసుపు గౌరమ్మ పక్కన ఒక్క కంకి విడిగా గుచ్చి ఉంది. గోడ మూల మిగిలిందే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

పండగ అయ్యాక, ఎల్బీ నగర్ పూల విత్తనాలు ఆ మడిలో చల్లుతానని ఆమెను అడిగాను. “ఒద్దు సారూ. మీరు ఏం జెయ్యకుండ్రి,” అంది. నా తోటపని గురించి ఇంత మంచి సలహా ఎవరూ ఇవ్వలేదు. ఏమీ చేయలేదు. కొత్తిమీర ఒక్క మొలకైనా రాలేదు.

ఈ ఏడు మొదటి వానలకు ఆ మడి నిండా మొలకలు లేచాయి. గునుగో గడ్డో చెప్పడం నా వల్ల కాలేదు. ఆమెను పిలిచాను. మోకాళ్ల మీద కూర్చుని మొలకల మీద అరచెయ్యి ఆనించి చూసింది.

“గిదంత గునుగే సారూ.”

సంగతి నాకు అప్పుడు వెలిగింది. అత్త పోయిన ఏడు పూలు కోసేవాళ్లు లేక గింజలన్నీ అక్కడే రాలాయి. నేను లోతుగా తవ్వి మట్టి గుల్ల చేశాను. మట్టిలో పడుకున్న విత్తనం కదిపితే లేస్తుందని నేనే ఏటా రెండు మార్కుల ప్రశ్నగా చెప్పేవాణ్ని.

“అన్నీ వేళ్లతో సహా పీకేశానమ్మా,” అన్నాను.

ఆమె నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“మా అత్త శానా మొండిది సారూ. మీరు పీకితే పోతదా?”