తొలి విమానానికి మా కొబ్బరికాయ

కూలికొచ్చిన అరబ్బు దేశంలో, ఖబూరా ఊరి నుంచి మమ్మల్ని ఎడారిలోకి తీసుకెళ్లి, రెండు నెలలు రాళ్లు ఏరించి రన్‌వే చదును చేయించారు. అక్కడ అంతకుముందు ఏ విమానమూ దిగలేదు. సైకిల్ కొన్నా కొబ్బరికాయ కొట్టే నిజామాబాద్ వాళ్లం, తొలి విమానం దిగుతుంటే ఊరుకుంటామా? రన్‌వే నడిమధ్యన కొట్టాం. చిప్పలు చక్రాల కింద పడతాయని సైట్ ఫోర్‌మన్ తల బాదుకున్నాడు. మేం మోకాళ్ల మీద పాకుతూ ముక్కముక్కా ఏరేదాకా విమానం మా నెత్తి మీదే చక్కర్లు కొట్టింది.

దిగిన పైలట్ ఆస్ట్రేలియావాడు. వాళ్ల తాత ఉత్తర ఆస్ట్రేలియాలో నరమానవుడు లేని చోట మొట్టమొదట విమానం దించిన మహావీరుడట. ఫోన్‌లో పాత ఫొటో చూపించాడు. విమానం వెనకాల పదిమంది పారలు పట్టుకుని నిలబడ్డారు.

"వీళ్లెవరు సార్?" అని ఫోర్‌మన్‌తో అడిగించాను.

"ఏమో, కూలీలై ఉంటారు," అన్నాడు పైలట్.

నరమానవుడు లేని చోటికి కూలీలు పారలతో సహా ఆకాశం నుంచి ఊడిపడ్డారు కాబోలు.

తర్వాత మా రన్‌వే మీద ఫొటో తీశారు. బట్టలు మురికిగా ఉన్నాయని మమ్మల్ని డ్రమ్ముల వెనక్కి పొమ్మన్నారు. ఆ తాతే నయం, కూలీలను ఫొటోలోనైనా ఉండనిచ్చాడు.