చర్మం దారిన వచ్చిన చెనిక్కాయ

నాకు చెనిక్కాయ, అంటే వేరుశనగ, పడదు. ప్రొద్దుటూరులో ఈ మాట చెబితే మంచినీళ్లు పడవన్నట్టు చూస్తారు. చట్నీలో అదే, వంకాయ కూరలో అదే, తాలింపు నూనె కూడా అదే. రెండేళ్లప్పుడు మొదటిసారి చెనిక్కాయల ఉండ కొరికి, మొహం ఉబ్బి, ఊపిరాడక ఆసుపత్రికి పోయానట. దిష్టి తగిలిందని మేనత్త తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద మా ఇంట్లో అప్పీలు లేదు.

మొన్న అక్క పులివెందులలోని అత్తగారింటి నుంచి నాలుగు నెలల పాపతో వచ్చింది. పాప బుగ్గలు, మోచేతి మడతలు చిట్లి రసి కారుతున్నాయి. స్నానం చేయించడానికి మేనత్త జమ్మలమడుగు నుంచి దిగింది, గానుగలో ఆడించిన చెనిక్కాయ నూనెతో సహా.

నేను అడ్డం కూర్చున్నాను. "పుండ్ల మీద అది పూయొద్దత్తా."

"నువ్వేందిరా నాకు చెప్తాండావు? నీకూ ఇట్నే ఒళ్లంతా లేస్తే ఈ నూనే పూసి పెంచినా. సచ్చినావా?"

"సచ్చేదాకా పోయి వాపసొచ్చినా. శానా దూరం లేదులే."

అక్క ఇద్దరినీ తిట్టి పాపను డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నేను ఓడిపోతే చూడాలని అత్త, ఆమె ఓడిపోతే చూడాలని నేను, వెంట పోయాం.

"నోటి దారిన వచ్చిన తిండిని ఒళ్లు మెల్లగా మనదేనని ఒప్పుకుంటుంది," అన్నాడు డాక్టరు, నా కథా అత్త నూనె సంగతీ విని. "చిట్లిన చర్మంలోంచి దూరితే దొంగనుకోవచ్చు. దాని కోసమే కాపలా పెట్టుకుంటుంది. అప్పటికి పైకేమీ కనపడదు. తర్వాత అది నోట్లో పడిన రోజు ఆ కాపలా మీద పడుతుంది."

గుర్తుపెట్టుకుని, అదను చూసి కొట్టడం. మా వైపు వాళ్లకు ఇంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు.

"అంటే వీని జబ్బు నా వల్లనా సారూ?" అత్త నన్ను చూపించి అడిగింది.

"అట్లని చెప్పలేనమ్మా. అందరికీ ఇట్లా కాదు. కానీ పాపకు ఆ నూనె మాత్రం వద్దు. పరీక్ష చేసి, పర్వాలేదంటే, ఆరో నెల నుంచి కొంచెం కొంచెం చెనిక్కాయ ముద్ద నోటికి పెట్టండి."

"సూసినావా! తినిపియ్యమనే చెప్తాండాడు!" అంది అత్త, కేసు గెలిచినట్టు.

మర్నాడు డాక్టరిచ్చిన మందే పూసింది. "గోడకు సున్నం కొట్టినట్టుండాది," అని నావైపు ఉరిమి చూసింది. పాప గోక్కోకుండా నిద్రపోయింది. అత్త వచ్చి తప్పయిందంటుందని నేను చూస్తున్నాను. నేనే అనాలని ఆమె చూస్తోంది.