గంట కొట్టినా బయటికి రాని లెక్కల సారు

రిటైరవడానికి ముందటేడు జూన్‌లో నన్ను పటాన్‌చెరు ఫ్యాక్టరీల నడుమనున్న ఒక హైస్కూలుకు బదిలీ చేశారు. నా భర్త పోయాక ఆయన బదులు నాకిచ్చిన అటెండరు ఉద్యోగం. నాకు సంతకం వరకే వచ్చు. ఇదీ నేను చెప్తే మా కోడలు రాస్తున్నది. గంట కొట్టడానికి చదువు అక్కర్లేదు. గంటంటే వరండాలో వేలాడే రైలుపట్టా ముక్క.

పీరియడు నలభై నిమిషాలు. గంట కొట్టగానే ఒక టీచరు బయటికి రావాలి, ఇంకో టీచరు లోపలికి పోవాలి. పదో తరగతిలో మాత్రం లెక్కల సారు వచ్చేవారు కాదు. తర్వాతి పీరియడు సుజాత మేడంది, తెలుగు. ఆమె ఇదే బడిలో ఆయన దగ్గరే చదువుకుంది. గురువును లెమ్మని ఎట్లా అంటుంది? పుస్తకం చంకన పెట్టుకుని గుమ్మం బయట నిలబడేది. తెలుగు పాఠాలు వెనకబడ్డాయి. ఇట్లాగైతే పదో తరగతి తెలుగు వేరేవాళ్లకిస్తానని హెడ్మాస్టరు మేడం ఆమెకు చెప్పేశారు.

"జెర గట్టిగ కొట్టరాదక్కా" అంది సుజాత మేడం.

"ఫ్యాక్టరీ సైరనే ఆయనకు ఇనవడ్తలేదు, నా గంటెంత మేడం" అన్నాను.

దసరా సెలవులయ్యాక స్టాఫ్ మీటింగు పెట్టారు. పీరియడును అరవై నిమిషాలు చేద్దామా అన్నది మాట. నేను చాయ్ అందిస్తున్నాను.

ల్యాబు సామాను బయటికి తీసేలోపే పీరియడు అయిపోతున్నది, పెంచాలన్నారు సైన్సు సారు.

"అంతసేపు నాకే నిద్రొస్తది, పోరగాళ్లకు రాదా?" అన్నారు సోషల్ సారు.

లెక్కల సారు, ఎంతిచ్చినా సరిపోదన్నారు.

సుజాత మేడం వంతు వచ్చింది. "నాకు పెద్ద పీరియడు వద్దు మేడం. ఉన్నది మొత్తం ఇస్తే సాలు."

అందరూ చాయ్ కప్పుల్లోకి చూశారు. లెక్కల సారు ఒక్కరే తలూపి, "మంచి మాట" అన్నారు. ఇంకెవరి సంగతో అనుకున్నట్టున్నారు.

కొన్నాళ్లు చూద్దామని అరవై నిమిషాలు చేశారు. మొదటి రోజు గంట కొట్టాను. లెక్కల సారు రాలేదు. సుజాత మేడం గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, నా వైపొకసారి చూసి, లోపలికి అడుగు పెట్టింది.

టీచరు గుమ్మం దాటితే తరగతంతా లేచి నిలబడాలి, కూర్చోమనేదాకా కూర్చోకూడదు. మా బడిలో అది పద్ధతి. బెంచీలు ఒక్కసారే చప్పుడయ్యాయి. "నమస్తే మేడం" అన్నారు పిల్లలు. లెక్కల సారు బోర్డు వైపు నుంచి ఇటు తిరిగారు.

"ఏందిది?"

"గంట కొట్టిన్రు సార్. ఇగ నా పీరియడు."

సారు చాక్‌పీసు ఆమె చేతిలో పెట్టారు. "మరి ఇన్నొద్దులు బయట నిలవడి ఏం జేసినవే పిల్లా?" అంటూ బయటికొచ్చారు.

పదో తరగతి ఆమెకే ఉండిపోయింది. మధ్యాహ్నం అన్నం ఆలస్యమవుతున్నదని పీరియడును తిరిగి నలభై నిమిషాలే చేశారు. పాఠం ఎంతసేపుండాలో నాకు తెలియదు. గంట టీచరును గుమ్మం దాకే తీసుకురాగలదు. దాటడం టీచరు పనే.