కార్మినక్క బొంతకి పువ్వుల్లేవు

వానలు పడే ముందు, కర్ణాటక అడవుల్లో ఉండే మా సిద్దీ ఆడవాళ్లకి ఒకటే పని, బొంతలు. పాత చీరలు, చిరిగిన లుంగీలు, పిల్లల గౌన్లు, ఏ గుడ్డనీ పోనివ్వం. ఒక మూల దగ్గర అంచు మడిచి మొదలుపెడతాం. చుట్టు మీద చుట్టుగా లోపలికి కుట్టుకుంటూ పోతే నడిమధ్యన కుట్టు ముగుస్తుంది. అంతటితో బొంత అయిపోయినట్టు కాదు. నాలుగు మూలల్లోనూ గుడ్డముక్కలు మడతల మీద మడతలు వేసి పువ్వులు పెట్టాలి. పువ్వుల్లేని బొంత మాకు దిసమొలతో ఉన్నట్టే.

పువ్వులు పెట్టడంలో కార్మినక్కది గట్టి చెయ్యి. బొంత చిరిగినా ఆవిడ పువ్వు ఊడదు. అందుకని మేమంతా బొంతలు కుట్టుకోవడం, మూలలు మిగిల్చి ఆవిడ గుమ్మంలో పడేయడం. అందరికంటే ముందు పడేసేదాన్ని నేనే. ఆవిడ ఎవర్నీ కాదనేది కాదు. పొద్దంతా హెగడేగారి వక్కతోటలో నడుం విరిగేలా పనిచేసి, ఇంటికొచ్చి గంజి తాగి, గోడకి జారగిలబడి సూది అందుకునేది. దారం ఎక్కించడానికి నాలుగైదుసార్లు తడుముకునేది.

"అలిసిపోయానే నతాలిన్" అనేది.

"నీ చేతికి అంత గిరాకీ మరి! మా చేతులకి ఏదీ?" అని నేను ఇకిలించేదాన్ని. అది తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మొన్న జూన్‌లో మా అమ్మాయి కాన్పుకని కుట్టిన బొంత ఆవిడకిచ్చి పది రోజులైంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నాకు తిక్కరేగి వానలోనే బయల్దేరాను. గుమ్మంలో కోడలు పాస్కిన్ అడ్డంగా నిలబడింది.

"అత్తకి జొరం పిన్నీ. నిన్నట్నించీ లేవలేదు. నువ్వు లోపలికి రావద్దులే."

"ఏం, నేను పరాయిదాన్నా?" అని దాన్ని నెట్టుకుని వెళ్లాను.

ఎందుకు రావద్దందో అప్పుడు తెలిసింది. కార్మినక్క కప్పుకున్న బొంతకి ఒక్క మూలా పువ్వు లేదు. పోనీ కొత్తదా అంటే కాదు, రంగులన్నీ ఎప్పుడో వెలిసిపోయాయి. ఊరందరి బొంతలూ ముస్తాబు చేసిన మనిషి ఇన్నేళ్లూ దీన్నే కప్పుకుని పడుకుంది. మాలో ఒక్కరం కూడా చూడలేదు.

పాస్కిన్ కళ్లు తుడుచుకుంది. "రేపు అత్త పుట్టింటివాళ్లు చూడ్డానికొస్తున్నారు. ఇది చూస్తే నా మొహాన ఉమ్మేస్తారు పిన్నీ. ఇంకోటి కప్పుతానంటే ఒప్పుకోదు, ఇదే వెచ్చగా ఉందంటుంది."

పక్కింటి హుసేన్‌బీని కేకేశాను. ముగ్గురం మంచం చుట్టూ కూర్చున్నాం. సూదులున్నాయి, దారముంది, గుడ్డముక్కలకి కొదవలేదు.

"ఎన్ని మడతలు?" అంది హుసేన్‌బీ.

నేను పాస్కిన్ వైపు చూశాను. అది నా వైపు చూసింది.

"ఒకే ఇంట్లో ఉండి ఏం నేర్చుకున్నావే?" అన్నాను.

"పక్క వీధిలో ఉండి నువ్వేం నేర్చుకున్నావు పిన్నీ?"

మా అమ్మకి వచ్చు, హుసేన్‌బీ అత్తకి వచ్చు. మాకే రాదు. అన్నీ ఒక్క చేతిమీదికి తోసేసి హాయిగా కూర్చున్నాం కదా.

"కొట్టుకోకండే, తల పగిలిపోతోంది" అని బొంత కిందనుంచి వినబడింది. "ఏడు మడతలు. పెద్ద ముక్క అడుగునెయ్యి. అంచు బిగించి పట్టుకో, లేకపోతే జారుతుంది."

మళ్లీ కళ్లు మూసుకుంది. ఆ రెండు మాటలకే ఆయాసపడింది.

చీకటి పడేదాకా కుట్టాం. రెండు మూలలు హుసేన్‌బీ, ఒకటి పాస్కిన్, ఒకటి నేను. వాళ్లవి ఏదో పువ్వుల్లాగే కుదిరాయి. నాది మాత్రం నలిగిన వడియంలా వచ్చింది. కార్మినక్క చెయ్యి బయటికి తీసి దాన్ని తడిమింది. వేలితో మడతలు లెక్కపెట్టింది.

"అయిదే ఉన్నాయే."

"నిజమేనక్కా. తెల్లారగానే విప్పి మళ్లీ పెడతాను."

"వద్దు" అంది. "తెల్లారి పెడతా, తెల్లారి పెడతా అని ఈ బొంతకి చెప్పీ చెప్పీ అలిసిపోయాను. ఉండనీ."

ఆ మూలని గడ్డం కిందికి లాక్కుని అటు తిరిగి పడుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.